వడ్డించిన చెయ్యే వేరు చేయాలి



ఉపాధ్యాయులం కాబట్టి మా నుంచి మీరు చదువు గురించో, పిల్లల పెంపకం గురించో వ్యాసం ఆశిస్తారు. ఈసారి మేము ఎంగిలి గురించి రాస్తున్నాము. దావత్‌లో తిని లేచిన తర్వాత మిగిలిపోయే అన్నం, ఎముక, తొక్క, విస్తరాకు, వీటి సంగతి. ఇది కూడా చదువులో భాగమేనని చివరిదాకా చదివితే మీరే ఒప్పుకుంటారు.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో వలీమా జరిగింది. నాలుగు వందల మంది భోజనం చేశారు. అర్ధరాత్రి దాటాక మిగిలిన బిర్యానీ, దాల్చా, ప్లాస్టిక్ గ్లాసులు, పగిలిన సోడా సీసా పెంకులు అన్నీ కలిపి నల్ల సంచుల్లో కుక్కి వీధి చివర పెట్టించాము. తెల్లవారి పారిశుద్ధ్య పని చేసే అమ్మ వచ్చి సంచి ఎత్తితే బరువుకు అది చినిగింది. కింద పడిన అన్నాన్ని ఆమె రెండు చేతులతో ఎత్తుతుంటే గాజు పెంకు అరచేతిలో దిగింది. మేము ఆస్పత్రికి తీసుకుపోయి కట్టు కట్టించాము, సూది వేయించాము, చేతిలో కొంత డబ్బు పెట్టాము. ఆమె ఒక్క మాటే అన్నది: "అన్నం అన్నంగా, గాజు గాజుగా పెట్టింటే సరిపోయేది కదా సార్."

ఆ వలీమాకు వచ్చిన వాళ్లంతా భోజనం బాగుందని మెచ్చుకున్నారు. ఈ అమ్మ ఒక్కతే మేము ఎక్కడ తప్పామో చెప్పింది. ఆమె మాటనే ఈ వ్యాసంలో మీ ముందు ఉంచుతున్నాము. ఎరువు తయారీ గుంత దగ్గర మొదలు కాదు. వంటింట్లో, పందిట్లో, వడ్డించిన వాళ్ల చేతిలో మొదలవుతుంది. అక్కడ వేరు చేయనిది ఆ తర్వాత ఎవరూ సరిగ్గా వేరు చేయలేరు. చేయబోయిన వాళ్ల చెయ్యి తెగుతుంది.

1. ఎంత మిగులుతోంది?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఆహార వృథాపై ఒక నివేదిక ఇచ్చింది. 2022లో ప్రపంచమంతటా ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిసి పారేసిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. ఇందులో తొక్కలు, ఎముకల వంటి తినని భాగాలు కూడా కలిసి ఉన్నాయి. ఈ మొత్తంలో 60 శాతం ఇళ్ల నుంచి వచ్చిందే. మన దేశంలో ఇళ్లలో పారేసేది మనిషికి ఏడాదికి దాదాపు 55 కిలోలని ఆ నివేదిక అంచనా.

దీన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కగా ఇచ్చాము. 55 కిలోలను 365తో భాగిస్తే రోజుకు మనిషికి 150 గ్రాములు. ఐదుగురున్న ఇంటికి ముప్పావు కిలో. వంద ఇళ్ల మొహల్లాకు 75 కిలోలు. వెయ్యి ఇళ్లకు రోజూ 750 కిలోలు. ఇది మామూలు రోజుల లెక్క. రంజాన్ ఇఫ్తార్లు, బక్రీద్, పెళ్లిళ్ల కాలం ఇందులో లేవు. మన బనగానపల్లెలో మామిడి కాలం వస్తే తొక్కలు, టెంకలు వేరే.

లెక్క అయిపోయాక ఒక పిల్లవాడు లేచి, "అంతా ఎక్కడికి పోతుంది సార్?" అని అడిగాడు. ఊరి బయట దిబ్బకు పోతుందని చెప్పాము. ఆ జవాబు మాకే నచ్చలేదు.

2. కుళ్లడం వేరు, మాగడం వేరు

తడి చెత్తను ప్లాస్టిక్‌తో కలిపి పెద్ద కుప్పగా పోస్తే లోపలికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడతాయి. అప్పుడే కంపు పుడుతుంది, ఈగలు ముసురుతాయి, నల్లటి నీరు కారి నేలలోకి ఇంకుతుంది. మీథేన్ అనే వాయువు వెలువడి భూమి వేడెక్కడానికి కారణమవుతుంది. దిబ్బలో మంటలు అంటుకోవడానికి కూడా అదే సాయపడుతుంది.

అదే తడి చెత్తకు గాలి ఆడితే వేరే రకం సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. వాటికి నాలుగు కావాలి. మొదటిది పచ్చిది, అంటే కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పేడ. వీటిలో నత్రజని ఉంటుంది. రెండవది ఎండుది, అంటే రాలిన ఆకులు, వేరుశనగ పొట్టు, జొన్న చొప్ప ముక్కలు, రంపపు పొట్టు. వీటిలో కర్బనం ఎక్కువ. మూడవది గాలి. నాలుగవది తగినంత తడి.

కర్బనం 25 నుంచి 30 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉంటే పని చక్కగా సాగుతుందని శాస్త్రం చెబుతుంది. మన ఇళ్లకు అర్థమయ్యే కొలత చెప్పాలంటే, ఒక బకెట్టు తడి చెత్తకు రెండు బకెట్ల ఎండాకు. తడి చూడడానికి పరికరాలు అక్కర్లేదు. కుప్పలోంచి పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకు కలపాలి, పొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి.

అన్నీ కుదిరితే మూడు నాలుగు రోజుల్లో కుప్ప వేడెక్కుతుంది. లోపల 55 డిగ్రీలు దాటిన వేడి కొన్నాళ్లు నిలిస్తే రోగక్రిములు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. వారానికొకసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో నల్లని ఎరువు చేతికొస్తుంది. దానికి కంపు ఉండదు, తొలకరి మట్టి వాసన ఉంటుంది.

ఇది మన రైతులకు కొత్త కాదు. దిబ్బ ఎరువు మన తాతలకు తెలుసు. సర్ ఆల్బర్ట్ హోవార్డ్ అనే శాస్త్రవేత్త 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, తూర్పు దేశాల రైతుల అనుభవానికి శాస్త్రీయ పద్ధతి జోడించి, ఇండోర్ పద్ధతిగా ప్రపంచానికి అందించాడు. తర్వాత మహారాష్ట్రకు చెందిన నారాయణ దేవతావ్ పాండరీపాండే అనే రైతు, గోడల్లో గాలి కంతలు వదిలి కట్టే తొట్టిని రూపొందించాడు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండే ఆ తొట్టిని ఆయన పేరు మీదే నాడెప్ తొట్టి అంటారు.

3. మా మొదటి గుంత ఎందుకు చెడింది?

ఇంత తెలిసీ మేము మొదటిసారి ఓడిపోయాము. బడి ఆవరణలో ఒక గుంత తవ్వి, మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం, సాంబారు రోజూ అందులో పోయించాము. పది రోజులకే కంపు. పురుగులు పాకాయి. పక్క ఇళ్లవాళ్లు వచ్చి గట్టిగా మాట్లాడారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. గుంత పూడ్చేశాము.

తప్పు ఎక్కడుందో పిల్లలతో కలిసి వెతికాము. అంతా పచ్చిదే, ఎండుది లేదు. గుంతలోకి గాలి పోదు. సాంబారు నీళ్లు అడుగున నిలిచాయి. రెండోసారి గుంత తవ్వలేదు. మన ఊరి చుట్టుపక్కల నాపరాళ్ల ముక్కలకు కొదవ లేదు కదా, పనికిరాని ముక్కలు తెచ్చి నేల మీదే సందులు వదిలి చిన్న తొట్టి కట్టించాము. మామిడి తోటలో రాలిన ఎండాకు బస్తాలకెత్తి పక్కనే పెట్టాము. ఏ పిల్లవాడు అన్నం వేసినా, దానిపై రెండింతల ఎండాకు, గుప్పెడు మట్టి వేయాలని నియమం పెట్టాము. పులుసు వడకట్టాకే మెతుకులు వేయాలి. ఈసారి ఎవరూ గొడవకు రాలేదు. మూడు నెలలకు తీసిన ఎరువును వేప మొక్కల పాదుల్లో వేశాము.

ఇంకో మార్పు మేము అనుకోనిది. మిగిల్చినది తామే మోసుకుపోయి, తామే ఆకు కప్పాల్సి రావడంతో పిల్లలు పళ్లెంలో తక్కువ పెట్టించుకోవడం నేర్చుకున్నారు. ఇస్రాఫ్ తగదని మనం ఇళ్లలో, మసీదుల్లో ఎన్నో మార్లు చెబుతాము. పిల్లలకు ఆ మాట తొట్టి దగ్గర బాగా ఎక్కింది.

4. ఊరంతా చేయగలదా?

చేసిన ఊళ్లు ఉన్నాయి. మన ఉమ్మడి రాష్ట్రంలోనే, అప్పటి నల్గొండ జిల్లా సూర్యాపేటలో 2003 ప్రాంతంలో మున్సిపల్ కమిషనర్‌గా ఉన్న ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఈ పని చేసి చూపించారు. సుమారు లక్ష జనాభా ఉన్న పట్టణం అది. వీధుల్లో చెత్త కుండీలు తీసేయించి, ఇంటి దగ్గరే తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా సేకరించారు. తడిది వానపాముల ఎరువు అయింది, పొడిది అమ్ముడుపోయింది. కొత్త యంత్రాల కోసం ఎదురు చూడకుండా, ఉన్న సిబ్బందితోనే మొదలుపెట్టారు. చెత్త కుండీలు లేని పట్టణంగా సూర్యాపేటకు దేశమంతటా పేరొచ్చింది.

సూర్యాపేటలో మున్సిపాలిటీ ముందు నడిచింది. కేరళలోని అలప్పుజలో మొహల్లాల్లోనే పని జరిగింది. అక్కడ పట్టణం చెత్తంతా సర్వోదయపురం అనే పల్లెలో పోసేవారు. 2012లో ఆ పల్లె జనం ఇక మా దగ్గర పోయనివ్వమని బండ్లను అడ్డుకున్నారు. చెత్త పట్టణంలోనే ఆగిపోయింది. అప్పుడు వీధి వీధికీ నాలుగడుగుల చదరపు గాలి తొట్లు పెట్టి, పేడ, ఎండాకు, తడి చెత్త పొరలు పొరలుగా వేయించారు. తిరగేసే పని లేకుండా సుమారు మూడు నెలల్లో ఎరువు వస్తుంది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ మెచ్చిన ఐదు నగరాల్లో అలప్పుజ ఒకటి.

ఒకచోట అధికారి, ఇంకోచోట చెత్త మోసి విసిగిన పల్లె ఈ పనిని మొదలుపెట్టించారు. కానీ రెండు చోట్లా ఇంట్లోనే వేరు చేయడం అనే మెట్టు ఎవరూ దాటవేయలేదు. మన రాష్ట్రంలో ఎన్నో గ్రామ పంచాయతీలకు చెత్త నుంచి సంపద తయారు చేసే కేంద్రాలు కట్టి ఉన్నాయి. షెడ్డు, తొట్లు ఉన్నా, అక్కడికి కలిసిన చెత్త చేరితే ఎరువుకు బదులు మళ్లీ దిబ్బే తయారవుతుంది.

5. మన దావత్‌లకు ఒక పద్ధతి

లైసెన్సు లేని చోట వంద మందికి పైగా చేరే వేడుకల నిర్వాహకులు మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలిపి, చెత్త వేరు చేసి అప్పగించాలని 2016 ఘనవ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. మన పెళ్లిళ్లకు ఇది పాటిస్తే చాలా దూరం పోయినట్టే. మా అనుభవంలో పనికొచ్చిన క్రమం ఇది.

మొదట, తాకని అన్నం దేగ్‌లో ఉండగానే మనుషులకు పోవాలి. ఎవరికి పంపాలో దావత్‌కు ముందు రోజే మాట్లాడుకోవాలి. అర్ధరాత్రి వెతికితే ఎవరూ దొరకరు. పాచిపోయింది దానం కాదు.

రెండవది, మిగిలిన అన్నం గంపలకొద్దీ బర్రెల ముందు పోయకూడదు. ఎక్కువ అన్నం తిన్న పశువుకు కడుపులో పులిసి ప్రాణం మీదికొస్తుంది. పుణ్యమనుకుని చేసేది పాపమవుతుంది.

మూడవది, చేతులు కడిగే చోటికి ముందు మూడు డబ్బాలు పెట్టాలి. ఒకటి మెతుకులకు, తొక్కలకు, ఒకటి ఎముకలకు, ఒకటి గ్లాసులు, సీసాలకు. డబ్బాల పక్కన ఇంటివాళ్లలో ఒకరు నిలబడాలి. కూలికి పెట్టిన మనిషి కాకుండా ఇంటి పెద్దకొడుకే నిలబడితే ఎవరూ తప్పుగా వేయరు. మా ఇంట్లో తర్వాతి శుభకార్యానికి మేమే నిలబడ్డాము.

నాలుగవది, ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు పళ్లేలు మాగవు. మోదుగ విస్తళ్లు మాగుతాయి.

ఐదవది, బిర్యానీలో ఉప్పు, నూనె, మసాలా ఉంటాయి. దాన్ని నేరుగా వానపాముల తొట్టిలో వేస్తే పాములు చస్తాయి. ముందు ఎండాకు, పేడతో రెండు మూడు వారాలు మాగనిచ్చి, వేడి తగ్గాక వేయాలి. ఎముకలు, మాంసం మొహల్లా తొట్టిలో వేయకూడదు, కుక్కలు చేరతాయి. బక్రీద్ వ్యర్థాలు పంచాయతీ చూపిన చోట, బావులకు దూరంగా, లోతుగా పూడ్చాలి. పొట్టలోంచి వచ్చే పేడ మాత్రం మంచి ఎరువు సరుకు, దాన్ని వేరుగా తీసి ఎండాకుతో కలుపుకోవచ్చు.

6. దాతలకు మా విన్నపం

మీరు డబ్బాలు కొనిచ్చి వాటిపై పేరు రాయిస్తే సంతోషమే. కానీ డబ్బా ఒక్కరోజు ఖర్చు. తొట్టి నడవాలంటే రోజూ ఒక గంట పనిచేసే మనిషికి జీతం, ఏడాది పొడవునా ఎండాకు నిల్వ, చేతులకు గట్టి తొడుగులు కావాలి. పేరు కనిపించని ఈ ఖర్చుకే దాతలు అరుదు. ఒక్క మొహల్లాను ఎంచుకుని, ఒక్క సంవత్సరం ఈ మూడింటినీ భరించండి. దావత్ ఇచ్చేవారు మనిషికి ఒక్క రూపాయి లెక్కన పక్కన పెట్టినా నాలుగు వందల మంది వలీమాకు నాలుగు వందలు. ఆ రోజు శుభ్రం చేసే వాళ్లకు అది కూలితో పాటు అదనంగా ఇవ్వవచ్చు.

వచ్చే ఎరువు ఎక్కడికి పోవాలన్నది కూడా మీరే నిర్ణయించవచ్చు. ఖబరస్తాన్‌లో మొక్కలకు, బడి తోటకు, చిన్న రైతు మామిడి పాదులకు. వంద కిలోల తడి చెత్త నుంచి ఇరవై, ముప్పై కిలోల ఎరువే వస్తుంది కాబట్టి లాభాల ఆశ పెట్టుకోవద్దు. వానలు తక్కువైన మన సీమ నేలకు తడి పట్టి ఉంచే శక్తి ఆ ఎరువు ఇస్తుంది. అది చాలు.

దారిలో నుంచి ముల్లును, రాయిని తీసేయడం ఈమాన్‌లో భాగమని మన పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతాము. మేము దారిలో గాజు పెట్టిన వాళ్లము. ఆ అమ్మ చెయ్యి మానింది గానీ మచ్చ ఉంది. ఇప్పటికీ మా వీధికి ఆమే వస్తుంది. మా ఇంటి నుంచి రెండు బకెట్లు వేరుగా అందుకుని, మూత తీసి ఒకసారి చూసి పోతుంది. ఆమె అలా చూడడం మాకు పరీక్షలా ఉంటుంది. ప్రతి ఇంటి ముందూ ఆమె చూడకుండానే ఎత్తుకునే రోజు రావాలని, అందుకు మీ సాయం తోడు కావాలని కోరుకుంటున్నాము.

అల్లాహ్ మనందరి ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.