ఈ ప్రోగ్రాం ఏ కోడ్‌లోంచి వచ్చింది?

ల్యాబ్‌లో ప్రతి ప్రోగ్రాం పైన మనందరం ఒక కామెంట్ పెడతాం: పేరు, రోల్ నంబర్, తేదీ, వెర్షన్ 1.0. ఆ తర్వాత కోడ్ ఇరవై సార్లు మారుతుంది. కామెంట్ మాత్రం 1.0 దగ్గరే కూర్చుంటుంది. మరి ఈ పని కంప్యూటర్‌తోనే చేయించలేమా? చేయించొచ్చు. కానీ ఎక్కడ చేయించాలి అన్నదే అసలు ప్రశ్న. (నాది మొదట్నుంచీ ఇంగ్లీష్ మీడియం. అందుకే కమిట్, బిల్డ్ లాంటి మాటల్ని మనం ల్యాబ్‌లో అన్నట్టే రాస్తున్నా.)

ముందు ఇది ఎందుకు కావాలో చూద్దాం. హాస్టల్ నీళ్ల ట్యాంక్ మోటర్‌ని ఒక చిన్న బోర్డు నడుపుతోంది అనుకోండి. ట్యాంక్ నిండినా మోటర్ ఆగట్లేదు. రెపోలో మూడు బ్రాంచ్‌లున్నాయి, రాసిన సీనియర్లు పాసై వెళ్లిపోయారు. బోర్డులో ఉన్నది ఏ కోడో తెలియకపోతే బగ్ ఎక్కడ వెతుకుతాం?

పాత పద్ధతి

ఈ ఆలోచన మనకంటే చాలా పెద్దది. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ తయారుచేసిన ఎస్‌సీసీఎస్‌లోనే ఇది ఉంది. 1980లలో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిచీ తెచ్చిన ఆర్‌సీఎస్‌తో బాగా వ్యాపించింది. ఫైల్లో రెండు డాలర్ గుర్తుల మధ్య ఐడీ అని రాస్తే చాలు. ఫైల్ బయటికి తీసిన ప్రతిసారీ ఆ చోట ఫైల్ పేరు, రివిజన్ నంబర్, తేదీ, మార్చినవాళ్ల పేరు వాటంతటవే వచ్చి చేరతాయి. దాన్ని సీ ప్రోగ్రాంలో ఒక స్ట్రింగ్‌గా పెడితే కంపైల్ అయ్యాక బైనరీలో కూడా ఉంటుంది. ఐడెంట్ అనే కమాండ్‌తో బయటికి లాగొచ్చు. సీవీఎస్, సబ్‌వెర్షన్ కూడా ఇదే దారిలో నడిచాయి.

చిక్కులు కూడా వచ్చాయి. రెండు బ్రాంచ్‌లలో ఆ ఒక్క లైను వేరేగా ఉండి, అసలు కోడ్‌లో గొడవ లేకపోయినా మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వచ్చేది. ఫొటో లాంటి బైనరీ ఫైల్లో పొరపాటున ఆ గుర్తులు కనిపిస్తే సీవీఎస్ అక్కడా మార్చి ఫైల్‌ని పాడుచేసేది. సబ్‌వెర్షన్‌లో అందుకే మనం అడిగితే తప్ప ఇది పనిచేయదు. అన్నిటికంటే పెద్ద లోటు ఇంకోటి: ఆ ముద్ర ఒక్క ఫైల్ సంగతే చెబుతుంది. ప్రోగ్రాం నలభై ఫైళ్లతో తయారవుతుంది కదా!

గిట్ ఎందుకు ఒప్పుకోదు?

2005లో వచ్చిన గిట్‌లో కమిట్ పేరు అంటే దాని హ్యాష్. ఆ హ్యాష్ ఫైళ్లలో ఉన్న ప్రతి అక్షరం మీదా ఆధారపడుతుంది. ఇప్పుడు ఒక కాగితం మీద కొన్ని అంకెలు రాసి, వాటి మొత్తాన్ని కూడా ఆ అంకెల్లోనే ఒకటిగా కలపమన్నారనుకోండి. కలపగానే మొత్తం మారిపోతుంది. కమిట్ హ్యాష్‌ని ఆ కమిట్‌లోని ఫైల్లోనే రాయడం కూడా అంతే.

పోనీ, చెకవుట్ సమయంలో నింపితే? బ్రాంచ్ మారినప్పుడు గిట్ తేడా ఉన్న ఫైళ్లనే తిరగరాస్తుంది. మిగతావాటిలో పాత ముద్ర అలాగే ఉండిపోతుంది. గిట్‌లో ఐడెంట్ అనే సెట్టింగ్ ఉంది గానీ, అది నింపేది ఆ ఫైల్ కంటెంట్ హ్యాష్‌ని మాత్రమే. కమిట్, తేదీ, పేరు ఏవీ రావు.

మరి ఏం చేయాలి?

ముద్ర సోర్స్ ఫైల్ మీద కాదు, రెపో దాటి బయటికి వెళ్లే వస్తువు మీద వేయాలి. అంటే బిల్డ్ చేసేటప్పుడు అన్నమాట.

1. బిల్డ్ మొదట్లో గిట్ డిస్క్రైబ్ కమాండ్‌ని ట్యాగ్స్, ఆల్వేస్, డర్టీ అనే ఆప్షన్లతో నడపండి. దగ్గర్లోని ట్యాగ్, దాని తర్వాత ఎన్ని కమిట్లు, చిన్న హ్యాష్ వస్తాయి. కమిట్ చేయని మార్పులుంటే చివర డర్టీ అని కూడా వస్తుంది. ఆ ఒక్క మాట చాలా విలువైనది: ఈ బైనరీకి సరిపడే కోడ్ రెపోలో లేదని అది ముందే చెప్పేస్తుంది.

2. ఆ జవాబుని ఒక చిన్న హెడర్ ఫైల్లో రాయించి ప్రోగ్రాంలో కలపండి. కేవలం కంపైలర్ ఆప్షన్‌గా ఇస్తే, సోర్స్ మారలేదు కదా అని మేక్ పాత ఆబ్జెక్ట్ ఫైల్‌నే వాడేయొచ్చు.

3. ఆ హెడర్‌ని గిట్ఇగ్నోర్‌లో పెట్టండి. కమిట్ చేస్తే మళ్లీ కాగితం లెక్క దగ్గరికే వస్తాం.

4. ప్రోగ్రాం మొదలవగానే దాన్ని ప్రింట్ చేయించండి. బోర్డు అయితే సీరియల్ పోర్టులో కనిపించాలి.

కోడ్‌ని జిప్‌గా ఇచ్చేవాళ్లకి ఇంకో దారి ఉంది: ఎక్స్‌పోర్ట్ సబ్‌స్ట్ అనే సెట్టింగ్. గిట్ ఆర్కైవ్‌తో జిప్ చేసినప్పుడు మాత్రమే కమిట్ హ్యాష్ నింపుతుంది. గో భాషలోనైతే 2022లో వచ్చిన 1.18 వెర్షన్ నుంచి బిల్డ్ కమాండే కమిట్ హ్యాష్, సమయం, కమిట్ చేయని మార్పులున్నాయా లేదా అన్నది బైనరీలో పెట్టేస్తోంది.

మొత్తం కలిపితే మేక్‌ఫైల్లో నాలుగైదు లైన్ల పని. మన తర్వాత వచ్చే జూనియర్ మనకి ఫోన్ చేయకుండానే సరైన కోడ్ దగ్గరికి చేరుకోవాలంటే అవి చాలు. మీ మినీ ప్రాజెక్టులో పెట్టి చూడండి.