ఆటలో చదువు ఎక్కడుంది?



మొన్న రాత్రి మన కేంద్రంలో పాఠం అయిపోయింది. అందరూ లేచారు. ఒక అక్క మాత్రం కూర్చునే ఉంది.

"టీచరమ్మా, మావాడు పొద్దస్తమానం ఫోన్ పట్టుకుంటాడు. ఏందిరా అంటే చదువు ఆట అంటాడు. నిజమేనా? కొట్టి లాక్కోనా, ఊరుకోనా?" అని అడిగింది.

ఆ అక్క ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతోంది. కొడుకు నాలుగో తరగతి. వాడు తనలాగా కాకూడదని ఆమె ఆశ. ఆమె అడిగిన మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ముందు మనకు తెలిసిన ఆట చూద్దాం. వామనగుంటలు ఆడని వాళ్ళు మనలో ఎవరు? చేతిలో చింతగింజలు ఉంటాయి. ఏ గుంటలో ఎన్ని ఉన్నాయి? ఇక్కడ మొదలుపెడితే చివరి గింజ ఎక్కడ పడుతుంది? ఇది లెక్క చూసుకోకపోతే ఓడిపోతాం. అందులో లెక్క ఒక పక్క, ఆట ఒక పక్క ఉండవు. లెక్కే ఆట.

కంప్యూటర్ ఆట కూడా ఇలా ఉండగలదా? ఉండగలదు. అమెరికాలో ఒక ఊరి కథ చెబుతాను.

ఆ ఊరు మినియాపొలిస్. అది 1971వ సంవత్సరం. డాన్ రావిచ్ అనే కుర్రవాడు ఒక బడిలో చరిత్ర చెబుతున్నాడు. అతను అప్పటికి ఇంకా శిక్షణలో ఉన్న పంతులే. (నా శిక్షణ రోజుల్లో నేను పాఠం చెబుతుంటే పిల్లలు ఆవులించారు. ఆ బాధ నాకు తెలుసు.) అతని పాఠం ఏమిటంటే, 1840ల్లో జనం ఎద్దుల బండ్లు కట్టుకుని ఆరెగాన్ అనే చోటికి వలస పోవడం. సుమారు 3,200 కిలోమీటర్ల దారి. దీన్ని ఆటగా చేయాలని అతనికి తోచింది. అతనితో ఒకే గదిలో ఉండే ఇద్దరు లెక్కల పంతుళ్ళు, బిల్ హైన్‌మన్, పాల్ డిల్లెన్‌బర్గర్, దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించడానికి సాయం చేశారు. ఆట పేరు ఆరెగాన్ ట్రయిల్, అంటే ఆరెగాన్ బాట.

ఆ బడిలో యంత్రానికి తెర కూడా లేదు. టైపు మిషను లాంటిది. అది కాగితం మీద మాటలు అచ్చు కొట్టేది. పిల్లలు చదివి జవాబు టైపు చేయాలి. చేతిలో కొంత డబ్బు ఉంటుంది. ఎద్దులకెంత? తిండికెంత? బట్టలకెంత? తిండికి తక్కువ పెడితే దారిలో ఆకలి. బట్టలకు తక్కువ పెడితే కొండల్లో చలి. మన ఇంటి ఖర్చు లాంటిదే కదా!

వేటాడాలంటే "బ్యాంగ్" అని టైపు చేయాలి. మనం "ఢాం" అంటాం చూడండి, అలాంటి మాట. అక్షరం తప్పు పోకూడదు, ఆలస్యం కాకూడదు. లేకపోతే జంతువు పారిపోతుంది. చూశారా? అక్షరాలు రాయడమే వేట అయింది. పిల్లలు గుంపులుగా చేరారు. లెక్క బాగా వచ్చినవాడు డబ్బు చూసుకున్నాడు. టైపు వేగంగా చేసేవాడు మిషను దగ్గర కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే పని పంచుకున్నారు.

ఆ ఆటకూ ఒక లోపం ఉంది. ఆ దారి పొడుగునా అక్కడి ఆదివాసుల నేల ఉంది. కథ మాత్రం వలస పోయేవాళ్ళ వైపు నుంచే నడుస్తుంది. పంతులు పక్కన ఉండి ఈ సంగతి చెప్పాలి. ఆట ఒక్కటే చాలదు.

ఇంకో సంగతి. ఆఫ్రికాలో టాంజానియా దేశం ఉంది. అక్కడ 170 పల్లెల్లో దాదాపు 3,000 మంది పిల్లలకు పలక లాంటి చిన్న కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలో అక్షరాల ఆటలు, లెక్కల ఆటలు ఉన్నాయి. అన్నీ వాళ్ళ స్వాహిలి భాషలోనే. అంతకు ముందు నూటికి 90 మందికి పైగా పిల్లలు ఒక్క మాట కూడా చదవలేరు. 15 నెలలు ఆడాక అలా చదవలేని వాళ్ళు సగానికి తగ్గారు. 2019లో ఆ పోటీలో రెండు జట్లు గెలిచాయి. ఒకటి వన్‌బిలియన్, రెండోది కిట్‌కిట్ స్కూల్. సగం మందికి ఇంకా రాలేదన్నదీ గుర్తుంచుకోవాలి. అయినా అది తక్కువ సంగతి కాదని నాకనిపిస్తుంది.

మరి మన అక్క కొడుకు ఆట? నిన్న ముగ్గురం కూర్చుని చూశాం. తెర మీద కారు పరుగెత్తుతోంది. మధ్యలో 7, 5 కలిపితే ఎంత అని వచ్చింది. వాడు చూడకుండా ఏదో నొక్కాడు. కారు పోతూనే ఉంది.

"తప్పు నొక్కినా బండి ఆగలేదే!" అంది అక్క. నాకంటే ముందు ఆమే కనిపెట్టింది. ఆ ఆటలో లెక్క పైపూత. తీసేసినా ఆట ఆగదు.

కాసేపటికి ఇంగ్లీషులో ఏదో వచ్చింది. "ఏం రాశారు నాన్నా, చదువు" అంది అక్క. వాడు నసిగాడు. "డబ్బులు కడితే కొత్త కారు ఇస్తారంట" అన్నాడు. అక్క నవ్వింది. కొట్టలేదు. ఆ ఆట తీసేయించింది.

తర్వాత వాడే ఇంకోటి తెరిచాడు. అందులో ఒక మాట వినబడుతుంది. కింద అక్షరాలు చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిని వరసగా పేర్చాలి. పేర్చకపోతే తలుపు తెరుచుకోదు. "పొలం" అని వినబడింది. అక్క "పొ" అని వేలు పెట్టింది. కొడుకు "లం" కలిపాడు. తలుపు తెరుచుకుంది.

మీ ఇంట్లో ఫోన్ ఉంటే ఈ రాత్రి పిల్లల పక్కన కూర్చోండి. తప్పు నొక్కమనండి. ఆట ఆగిందా, సాగిందా చూడండి. మధ్యలో డబ్బు అడిగిందా? ఏ మాట చదవగలిగారు?

రేపు కేంద్రంలో అందరూ చెప్పాలి. వచ్చేటప్పుడు గుప్పెడు చింతగింజలు తెండి. ఫోన్ నేను తెస్తాను.