ఇసుక అంతటా ఒకేలా నలగదు

నందిగామ దగ్గర మా పెద్దలు తట్టల్లో మోసిన మునేటి ఇసుకనే జల్లించి, మేము పీజీ ల్యాబ్‌లో ట్రయాక్సియల్ పరీక్షకు పెట్టాం. 38 మి.మీ. వ్యాసం, 76 మి.మీ. ఎత్తు గల నమూనాకు రబ్బరు తొడుగు వేసి, చుట్టూ నీటి పీడనమిచ్చి పైనుంచి నొక్కాలి.

పలకల రాపిడి వల్ల రెండు చివరలూ బిగిసి, నడుము పీపాలా ఉబ్బుతుంది. గట్టిగా కూరిన ఇసుకైతే ఏటవాలుగా సన్నని పట్టీ ఏర్పడుతుంది. జారుడంతా అందులోనే. అక్కడ రేణువులు ఒకదానిపై ఒకటి ఎక్కి ఇసుక వదులవుతుంది.

ఎత్తు 7.6 మి.మీ. తగ్గగానే 10 శాతమని రాసేశాం. అది సగటు. పట్టీలో వికృతి దానికి ఎన్నో రెట్లు. పునాది కింద గట్టి ఇసుక కూడా ఇలా జారుడు పొర వెంటే తెగుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రికార్డులో అంకెతోపాటు నమూనా ఆకారమూ గీయండి.