ఎస్1లోకి ఎస్10 ఎలా చేరింది?

ఒక ప్రయోగశాల 96 మంది నమూనాలను డీఎన్ఏ సీక్వెన్సింగ్‌కు పంపిందనుకుందాం. 96 గుంటల ప్లేటు ఈ రంగంలో మామూలే. నమూనాలకు ఎస్1 నుంచి ఎస్96 వరకు పేర్లు పెట్టారు.

యంత్రం ఒక్కో నమూనా ఫలితాన్ని తరచూ కొన్ని ముక్కలుగా ఇస్తుంది: ఎస్1_లేన్1, ఎస్1_లేన్2, ఇలా. వీటిని కలపడానికి రాసుకునే చిన్న ప్రోగ్రాం ‘ఎస్1*’ అని అడుగుతుంది. నక్షత్రం గుర్తుకు అర్థం ‘ఆ తర్వాత ఏమున్నా సరే’ అని. మనకు 1, 10 వేర్వేరు అంకెలు. కంప్యూటర్‌కు ఫైలు పేరు అక్షరాల వరుస మాత్రమే. ఎస్10 కూడా ఎస్1తోనే మొదలవుతుంది. దాంతో ఎస్10 నుంచి ఎస్19 వరకు పది మంది డీఎన్ఏ ఎస్1 ఖాతాలో పడిపోతుంది. ఎస్14లో వైరస్ ఉంటే, అది లేని ఎస్1 వ్యక్తి నివేదికలోనూ కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఎస్1 నుంచి ఎస్8 వరకు ఒక్కోదానిలో పదేసి పరాయి నమూనాలు కలుస్తాయి, ఎస్9లో ఏడు. మిగిలిన 87 మాత్రం సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే ‘ఎస్14*’కు ఎస్14 తప్ప మరేదీ సరిపోదు. తప్పు దొరక్కపోవడానికి అసలు కారణం ఇదే. ఏదో ఒక నమూనా తీసి సరిచూస్తే అది బయటపడే అవకాశం పదింట ఒకటి కన్నా తక్కువ. ఎర్రర్ సందేశమూ రాదు. ప్రోగ్రాం మనం అడిగిందే చేసింది కదా! ఫైళ్ల పరిమాణం మాత్రం గుట్టు విప్పుతుంది. ఎస్1 ఫైలు ఎస్14 ఫైలుకు దాదాపు 11 రెట్లు ఉంటే అనుమానించాల్సిందే.

ఎస్01, ఎస్02 అని రాస్తే చిక్కు విడిపోతుంది. నమూనాలు వంద లేదా అంతకు మించితే ఎస్001. ‘ఎస్1_*’ అని అడిగినా చాలు. సాఫ్ట్‌వేర్‌ను మార్చేకన్నా పేరు మార్చడమే తేలిక. ఎక్సెల్ తేదీగా మార్చేస్తున్న సెప్ట్1 జన్యువుకు నామకరణ కమిటీ సెప్టిన్1 అని పేరు పెట్టింది మరి.

సున్నాలు చేర్చినా ఇంకో చిక్కు మిగులుతుంది. ఇంగ్లిష్ పెద్ద అక్షరంతో, చిన్న అక్షరంతో రాసిన పేర్లను లినక్స్ వేర్వేరుగా చూస్తుంది, విండోస్ సాధారణంగా ఒకటే అనుకుంటుంది. అలాంటి రెండు ఫైళ్లను సర్వర్ నుంచి ల్యాప్‌టాప్‌లోని ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే, రెండోది మొదటిదాన్ని చెరిపేసి దాని చోట కూర్చోవచ్చు.