నడిగడ్డ నుండి నల్లమల వరకు పనివారి రాక, గిరాకీ : ఒక పరిశీలన

సరుకు రాక ఎంత, నిల్వ ఎంత, గిరాకీ ఎటు మొగ్గుతున్నది అని ప్రతి ఉదయం ఆరా తీసే వర్తకుడు, పనివారి విషయంలో అదే లెక్క వేసుకోవడం అరుదు. మేస్త్రీకి కబురు చేస్తే మనుషులు వస్తారన్న భరోసాతోనే పేటలు నడిచాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతంలో ఆ భరోసా సడలిపోయింది. ఇక్కడ పల్లికాయకైనా, పత్తి విత్తనానికైనా వానతోపాటు కూలి రేటు కూడా ధరను కదిలించే అంశమైనది.

2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలు కాకముందు ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలు ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబరే కనిపించేది. పండుగ రోజుల్లో గుంపు మేస్త్రీ ఇంటికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆలుమగలను జతగా లెక్కగట్టి తీసుకుపోయేవాడు. మళ్లీ తొలకరి దాకా తిరుగు ప్రయాణం లేదు. ఊళ్లో మిగిలినవారికి పని తక్కువ కనుక పేటలో హమాలీ, పొలంలో కూలీ చౌకగా దొరికేవారు. ఆ చౌక వెనుక ఉన్నది కరవే తప్ప మరేమీ కాదు.

జూరాల నీరు 1990 దశకంలో పారింది. ఆ తరువాత నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలతో 2012 తర్వాతి పదేళ్లలో ఆయకట్టు పెరిగింది, వరి పెరిగింది. 2025-26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. కొనుగోలు కేంద్రంలో అమ్ముడుపోతుందన్న ధైర్యం ఉన్న పంట ఇదొక్కటే. కనుకనే రైతు అటు మొగ్గాడు. నాట్ల అదనుకు ఉన్న ఊరి ఆడకూలీలు చాలక బీహారు, బెంగాలు ముఠాలు ఎకరాకు ఇంత అని గుత్తకు దిగుతున్నాయి. వలసలు పోయిన నేలకే వలసలు వస్తున్నాయన్న మాట.

దీనికి బాధాకరమైన సాక్ష్యం ఒకటి ఉన్నది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. నలుగురిది జార్ఖండ్, ఇద్దరిది ఉత్తరప్రదేశ్, ఒకరిది పంజాబ్, మరొకరిది జమ్మూ కాశ్మీర్. వారిలో ఇంజనీర్లు, యంత్రం నడిపేవారు, కూలీలు అందరూ ఉన్నారు. పాలమూరు నేలలో జరిగే తవ్వకమైనా వారిలో పాలమూరు మనిషి లేడు. తట్ట, గడ్డపార పనికి గిరాకీ పడిపోయి యంత్రం తెలిసిన చేతికి పెరిగిందనడానికి ఇంతకంటే వేరే గణాంకాలు అక్కరలేదు.

యంత్రానికి లొంగని పని మాత్రం గద్వాలలో ఉన్నది. అది పత్తి విత్తనం. నడిగడ్డలో వేల ఎకరాలలో సాగే ఈ పంటకు ఆగస్టు నుండి రెండు మూడు నెలలపాటు క్రాసింగ్ పని. సాయంత్రం మొగ్గ రేకులు, కేసరాలు గోటితో తొలగించాలి. మరునాటి పొద్దున మగపువ్వు పుప్పొడి అద్దాలి. ఒక రోజు తప్పితే ఆ రోజు మొగ్గలన్నీ పోయినట్లే. ఎకరాకు ఎనిమిది మందికి తగ్గితే పని సాగదు. 2000 నాటికి ఈ చేతులలో బడికి పోవలసిన ఆడపిల్లలవే హెచ్చు. దేశవిదేశాల నుండి ఒత్తిడి వచ్చాక కంపెనీల ఒప్పందాలలో పిల్లలచేత పని చేయించరాదన్న షరతు చేరింది. అది చేరవలసిన షరతే. అయితే పిల్లల స్థానంలో పెద్దలు వస్తే పెద్దల కూలి ఇవ్వాలి. ఆ తేడా ఎవరు భరించాలి? బీటీ విత్తన ప్యాకెట్టు గరిష్ఠ ధరను 2016 నుండి కేంద్రమే నిర్ణయిస్తున్నది. 2025-26కు 475 గ్రాములకు 901 రూపాయలు. పైన ధరకు కట్టు ఉన్నది, కింద కూలికి కట్టు లేదు. నడుమ ఆర్గనైజరు అడ్వాన్సు మీద వడ్డీ, స్వచ్ఛత పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగే చెల్లింపు. 2025 జూలైలో కంపెనీలు ఎకరాకు ఇంతే తీసుకుంటామని పరిమితి పెట్టడంతో రైతులు రోడ్డెక్కారు. ఇటువంటివి మరో రెండు సీజన్లు జరిగితే మంది అవసరమైన ఈ పంటను రైతే తగ్గించుకుంటాడు. పనిదినాలలో నడిగడ్డకు ఇంతటి నష్టం మరొకటి ఉండదు.

పల్లికాయ సంగతి వేరు. యాసంగి కాయ పీకేది జనవరి, ఫిబ్రవరిలో. వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట, గద్వాల యార్డులకు రాక జోరందుకునేదీ అప్పుడే. యాసంగి వరి నాట్లకు అదునూ దాదాపు అదే. ఒకే ఆడకూలీ కోసం ఇద్దరు రైతులు పోటీపడతారు. నాటు ఆగదు కనుక పీకుడు వాయిదా పడుతుంది. రాబడి నాలుగు రోజులు పలచబడి, తరువాత ఒక్కసారిగా యార్డు నిండుతుంది. ఆ పలచని రోజులలో సరుకు లేదని ధర పెంచి కొన్నవారు మరుసటి వారం నష్టపోతారు. తేమ లెక్కతోపాటు నాట్ల లెక్క కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

హమాలీల విషయంలో 2020 ఒక పాఠం. లాక్‌డౌన్‌లో బీహారు హమాలీలు ఇండ్లకు పోగా రాష్ట్రంలోని రైసు మిల్లులు దిగుమతికి మనుషులు లేక చిక్కుపడ్డాయి. ఆ మే నెలలో ఖగారియా నుండి లింగంపల్లికి ప్రత్యేక రైలులో రెండు వందలకు పైగా పనివారిని రప్పించవలసి వచ్చింది. హోలీకి, ఛట్ పండుగకు వారు ఊరికి పోతే ఇప్పటికీ ఇక్కడి మిల్లులలో లారీలు నిలిచిపోతాయి. స్థానిక హమాలీల పిల్లలు బస్తా మోయడానికి ఇష్టపడటం లేదు. వారిని తప్పుపట్టడం దేనికి?

ఇక ముందు ఏ పనులకు గిరాకీ? హార్వెస్టరు, జేసీబీ, లారీ నడిపేవారికి, మోటార్లు, మిల్లు యంత్రాలు బాగుచేసేవారికి రేటు గట్టిగానే ఉంటుంది. వనపర్తి ప్యాలెస్‌లో 1959లో నెలకొన్న పాలిటెక్నిక్ ఉన్నా, అక్కడ చదివిన పిల్లలు హైదరాబాదు దారి పడతారు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. నర్సులకు, లాబ్ పనివారికి, వంటవారికి, కాపలావారికి నెలజీతం కొలువులు వీటి చుట్టూ పెరుగుతాయి. చెల్లర వ్యాపారానికి ఇది మంచి సూచన, ఎందుకంటే నెలజీతగాడు వాయిదా తప్పని ఖాతాదారు. కానీ 2011 లెక్కలలో నేటి గద్వాల జిల్లా అక్షరాస్యత సగానికి లోపే. ఆ కొలువులన్నీ ఇక్కడివారికే దక్కుతాయని అనుకోవడానికి లేదు.

గద్వాల మగ్గానికి పేరు తగ్గలేదు, మనిషి తగ్గుతున్నాడు. కుట్టు చీరకు నేతగాడితోపాటు అంచు ఆడించే సహాయకుడు కావాలి. ఆ సహాయకుడికి ఇచ్చే కూలికంటే దుకాణంలో గుమాస్తా జీతం నయంగా ఉంటే కుర్రవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కరలేదు. షావుకార్లు పట్టు ధరను చూసుకున్నంతగా ఈ తేడాను చూసుకోలేదు.

బీచుపల్లిలో ఆయిల్‌ఫెడ్ వేరుశనగ నూనె మిల్లు మూతపడి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఈ ప్రాంతంలో ఆయిల్‌పామ్ తోటలు పెరుగుతున్నాయి. నాలుగో ఏట గెలలు మొదలైతే కోసిన ఒకటి రెండు రోజులలో మిల్లుకు చేరాలి. కొడవలి కట్టిన గెడతో గెల కోసే నేర్పున్నవారు, లోడు ఎత్తేవారు, వాహనాలు ఏడాది పొడుగునా కావాలి. నాట్ల కూలి నెలకు పరిమితం. ఇది పన్నెండు నెలల పని. పల్లికాయ వర్తకులు తమ హమాలీ ముఠాలతో వచ్చే సీజనుకు రేటు మాట్లాడుకునేటప్పుడు ఈ కొత్త పోటీదారును లెక్కలో ఉంచుకోవలసి ఉన్నది.