తెర మీద కనబడని అక్షరం

త్రైమాసిక పరీక్షలయ్యాక మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము రాసింది. ఫలితాల ఫైలును వరుస వెంట వరుస చదవడం, ఫలితం "పాస్" అని ఉంటే ఆ పేరును ఉత్తీర్ణుల జాబితాలో చేర్చడం దాని పని. ఉత్తీర్ణులు 32 మంది. జాబితాలో 31 మందే వచ్చారు. మిగిలినవాడు ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చాడు. పాపం, లెక్కల్లో వాడికి 71 మార్కులు!

ఇటువంటప్పుడు ప్రోగ్రామును పదిసార్లు చదివి లాభం లేదు. మనం రాసినదాన్ని మనం అనుకున్నట్టే చదువుకుంటాం. చలరాశిలో, అంటే విలువను దాచి పేరు పెట్టిన అరలో, ఏముందో కంప్యూటరునే అడగాలి. అందుకు ప్రింట్ ఆదేశం ఉంది. దాన్ని పోలిక జరిగే వాక్యానికి సరిగ్గా ముందు పెట్టాలి. ఆ అమ్మాయి అలాగే పెట్టింది. ఆ కుర్రాడి వరుస దగ్గర "పాస్" అనే వచ్చింది.

"చూడండి మాస్టారూ, అంతా సరిగానే ఉంది!"

"ఆ మాట పొడవెంతో కూడా ప్రింట్ చెయ్యమ్మా" అన్నాను.

"పాస్"లో ప, దీర్ఘం, స, పొల్లు కలిసి నాలుగు సంకేతాలు. మన కంటికి రెండే అక్షరాలు గాని, కంప్యూటరు గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కపెడుతుంది. అయితే తెర మీద 5 వచ్చింది!

ఆ అయిదవది ఏది? ప్రింట్ ఆదేశం మనం చదువుకోవడానికి వీలుగా చూపుతుందే తప్ప దాగి ఉన్న గుర్తులను బయటపెట్టదు. ఆర్, ఈ, పీ, ఆర్ అక్షరాలతో రాసే రెప్ర్ అనే ప్రమేయం బయటపెడుతుంది. విలువను అందులో ఉంచి ప్రింట్ చేస్తే, "పాస్" చివర ఒక ఏటవాలు గీత, యు, 200సి కనిపించాయి. యూనికోడులో అది అక్షరాలను కలవనివ్వని గుర్తు. "పాస్‌మార్కు" అని రాసేటప్పుడు స్, మ కలిసి స్మ కాకుండా మధ్యలో పెట్టేది దీన్నే. దానికి వెడల్పు లేదు కనుక కంటికి ఆనదు. టైపు చేసినవారు పొరపాటున చివర వదిలేశారు. మనకు రెండూ ఒకే మాట, కంప్యూటరుకు వేర్వేరు. చివరి ఖాళీలను తీసేసే స్ట్రిప్ ఆ అమ్మాయి ముందే వాడింది గాని, ఈ గుర్తు ఖాళీల కోవలోకి రాదు. అందుచేత రిప్లేస్ వాడి తొలగించాము.

చలరాశులు ఎక్కువైతే ఉత్త విలువలు ప్రింట్ చేసినందువల్ల ఏది దేనిదో తెలియదు. 2019లో వచ్చిన పైథాన్ 3.8 ఇందుకొక సౌకర్యం ఇచ్చింది. కొటేషన్ గుర్తులకు ముందు ఎఫ్ ఉంచి, లోపల మీసాల బ్రాకెట్లలో చలరాశి పేరు, దాని పక్కనే సమానపు గుర్తు రాస్తే, పేరూ విలువా కలిసి వస్తాయి. విలువ కూడా రెప్ర్ చూపే రూపంలోనే ఉంటుంది.

జాబితా 32కు చేరింది. ప్రింట్ వాక్యాలు తీసెయ్యడం మాత్రం ఆ అమ్మాయి మరిచిపోయింది. నోటీసు బోర్డెక్కిన కాగితంలో ప్రతి పేరు పక్కనా 4, 4, 4 అని ఉంటే, అవి గ్రేసు మార్కులా అని పిల్లలు వారం రోజులు అడిగారు.