ఉద్యోగపు ఉత్తరమును పరీక్షించుట



రైల్వే పనికి వచ్చి ఖుర్దా రోడ్డు వంటి జంక్షన్లలో స్థిరపడిన మన కుటుంబములలో, నియామకపు ఉత్తరము అనగానే ఇంటిల్లిపాదికి కలుగు సంతోషము అందరికి తెలిసినదే. ఇప్పుడట్టి ఉత్తరము చాలమందికి ఫోనులోనికి ఈమెయిల్‌గా వచ్చుచున్నది. పెద్దలకు ఇంగ్లీషు రాదు, పిల్లలకు తొందర. మోసగాండ్రకు కావలసినది ఈ రెండే.

గత సంవత్సరము మా వీధిలోని యౌవనస్థుడొకడు అట్టి ఉత్తరమును అచ్చు తీయించి మాయొద్దకు తెచ్చెను. విమానాశ్రయములో ఉద్యోగము, నెలకు 32,000 రూపాయలు. మూడు సింహముల ముద్ర, గుండ్రని స్టాంపు, సంతకము అన్నియు ఉన్నవి. యూనిఫారమునకు, వైద్య పరీక్షకు 2,850 రూపాయలు ముందుగా కట్టవలెననియు, మొదటి జీతముతో తిరిగి ఇచ్చెదమనియు వ్రాసియున్నది. ముప్పది యేండ్లు పిల్లల నోటు పుస్తకములు దిద్దిన మేము ఆ ముద్ర చూచి, "నిజమే బాబూ, కట్టు" అంటిమి. అతడు కట్టెను. తరువాత శిక్షణకని 12,500, ఆ తరువాత బీమాకని 18,000 అడిగిరి. తల్లి గొలుసు తాకట్టుకు వెళ్లినది. పిమ్మట ఆ ఫోను పలుకలేదు.

ఆ ఉత్తరమును మేము మరల చదివితిమి. అందులో వ్రాత తప్పులు ఉన్నవి గాని వాటినిబట్టి తీర్పు తీర్చవద్దు. ఇప్పుడు మోసగాండ్రు యంత్రముల సాయముతో తప్పులేని ఇంగ్లీషు వ్రాయించుచున్నారు. ముద్రను కంప్యూటరులో ఎవరైనను అతికించగలరు. మొదట చూడవలసినది పంపినవారి చిరునామా. పైన కనబడు పేరు ఎవరికి నచ్చినది వారు పెట్టుకొనవచ్చును. దానిని వేలితో తాకినయెడల అసలు చిరునామా బయటపడును. కేంద్ర ప్రభుత్వ కార్యాలయమైతే అది సాధారణముగా 'జీఓవీ డాట్ ఇన్' అనియో 'ఎన్ఐసీ డాట్ ఇన్' అనియో ముగియును. మా పిల్లవానికి వచ్చినది జీమెయిల్ నుండి! కంపెనీ పేరు ప్రక్కన 'కెరీర్స్' అను మాట తగిలించిన దొంగ చిరునామాలును కలవు. కాబట్టి ఉత్తరములోని లింకు నొక్కక, అందులోని నంబరుకు ఫోను చేయక, ఆ సంస్థ వెబ్‌సైటును మనమే వెదకి అక్కడి నంబరులో విచారించవలెను.

"రైల్వేవారు కూడ డబ్బు తీసుకొందురు గదా" అని ఒక తల్లి అడిగెను. మంచి ప్రశ్న. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు సాధారణ రుసుము 500 రూపాయలు. మొదటి కంప్యూటరు పరీక్షకు హాజరైనవారికి బ్యాంకు ఖర్చులు పోను 400 తిరిగి ఇత్తురు. అది దరఖాస్తు పెట్టునాడు బోర్డు వెబ్‌సైటులో కట్టునది. ఎంపికైతివని చెప్పి ఎవరి సొంత ఖాతాకో పంపమనునది కాదు. ఇన్ఫోసిస్, టీసీఎస్ వంటి కంపెనీలు ఉద్యోగమిచ్చుటకు డబ్బు తీసుకొనమని బహిరంగముగా ప్రకటించియున్నవి.

విదేశపు ఉద్యోగమైతే నష్టము డబ్బుతో ఆగదు. థాయిలాండులో కంప్యూటరు పని అని నమ్మి వెళ్లిన యువకులను మియన్మారులోనికి దాటించి, బంధించి, వారిచేతనే ఇతరులను మోసగించు పని చేయించిరి. 2025 మార్చిలో అట్టివారిని వందల మందిని మన ప్రభుత్వము వాయుసేన విమానములలో తెచ్చినది. వారిలో తెలుగు బిడ్డలును కలరు. విదేశములకు పంపు ఏజెంటుకు 1983 వలస చట్టము క్రింద రిజిస్ట్రేషన్ ఉండవలెను. ఈమైగ్రేట్ వెబ్‌సైటులో అతని పేరు వెదకవచ్చును. అతడు తీసుకొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించరాదు. పర్యాటక వీసా మీద వెళ్లి పని చేసుకొనవచ్చుననువానిని గడప ఎక్కనీయకుడి.

డబ్బు పోయినయెడల ఆ గడియలోనే 1930 నంబరుకు ఫోను చేయుడి. డబ్బు ఇంకను బ్యాంకు ఖాతాలలో ఉన్నంతవరకే దానిని ఆపు అవకాశముండును. మా పిల్లవాడు సిగ్గుచేత పదకొండు దినములు నోరు విప్పలేదు. అప్పటికి ఆ ఖాతా ఖాళీ. తల్లి అతనిని ఒక్క మాట అనలేదు. మమ్మును కూడ అనలేదు.

ఆ ఉత్తరపు ప్రతి మాయొద్ద ఉన్నది. పిల్లలకు చూపగోరువారు ఆదివారపు కూడిక తరువాత వచ్చి తీసికొని వెళ్లవచ్చును.